అట్టపెట్టె అసలు కథ: టోపీలో పుట్టి మన గల్లీ దాకా

ఈరోజు టాపిక్ అట్టపెట్టె. అవును, ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడితే ఇంటికొచ్చే ఆ అట్ట డబ్బానే. లోపలి వస్తువు తీసుకోగానే దాని పని అయిపోయిందనుకుంటాం. కానీ దాని అసలు కథ అక్కడే మొదలవుతుంది.

ఒక అట్టముక్క చింపి అంచు చూడండి. రెండు కాగితాల మధ్య అలలు అలలుగా ఇంకో కాగితం ఉంటుంది. ఇంటిమీది రేకు సంగతీ ఇంతే. సాపుగా ఉంటే వంగిపోతుంది, అలలుంటే బరువు ఆపుతుంది. ఈ అలల కాగితానికి 1856లో ఇంగ్లండ్‌లో హీలీ, అలెన్ అనే ఇద్దరు పేటెంట్ తీసుకున్నారు. దేనికో తెలుసా? పెట్టెలకి కాదు, పొడవాటి టోపీల లోపలి అస్తరుకి! 1871లో న్యూయార్క్‌లో ఆల్బర్ట్ జోన్స్ అనే ఆయన గాజు సీసాలు, దీపం చిమ్నీలు పగలకుండా చుట్టడానికి ఇలాంటి కాగితానికే పేటెంట్ తీసుకున్నాడు. పెట్టెలు ఆ తర్వాతే వచ్చాయి. అంటే అట్టతో పెట్టె చేయడం కూడా ఒకప్పుడు ఎవరూ ఊహించని వాడకమే.

ఇప్పుడు మా మేడిపల్లికి రండి. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుని బోడుప్పల్, పీర్జాదిగూడ దాటితే వచ్చేస్తుంది. ఇడ్లీ బండి మీద స్టవ్‌కి గాలి తగలకుండా అడ్డం పెట్టేది అట్ట. కూరగాయలమ్మే అక్క కింద పరుచుకునేది అట్ట. కరెంటు పోతే విసనకర్ర అట్ట. ఎండలో ఆపిన బండి సీటు కాలకుండా కప్పేది కూడా అట్టే.

ప్రపంచంలోనూ ఇలాగే. 2001 భుజ్ భూకంపం తర్వాత జపాన్ ఆర్కిటెక్ట్ షిగేరు బాన్ అట్ట గొట్టాలతో ఇళ్లు కట్టించాడు. 2014లో గూగుల్ ఒక అట్టముక్కని మడిచి, రెండు కటకాలు పెట్టి, మన ఫోన్‌నే వీఆర్ కళ్లద్దాలుగా మార్చింది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఢిల్లీ ఛత్తర్‌పూర్‌లో పెట్టిన పెద్ద కోవిడ్ సెంటర్‌లో అట్ట మంచాలు వేశారు. తేలిక, చవక, తొందరగా తయారవుతాయి.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. ఇవన్నీ చూసి మనం 'వాహ్, ఏం ఐడియా' అంటాం. కానీ మధ్యాహ్నం బిల్డింగ్ పని దగ్గర అట్ట పరుచుకుని నడుం వాల్చే కూలన్నది ఐడియా కాదు, ఇంకో దారి లేకపోవడం. కోవిడ్ సెంటర్‌లో అట్ట ఎవరో ఆలోచించి ఎంచుకున్నది. ఇక్కడ అది గతిలేక పరుచుకున్నది. అట్ట అదే, తేడా మాత్రం చాలా పెద్దది. అందుకే ఎక్కడైనా అట్ట కొత్త పని చేస్తుంటే నేను ముందు అడిగే ప్రశ్న: అక్కడ అసలు ఉండాల్సింది ఏది లేదు?

ఇక మన ఇంటి డబ్బా సంగతి. భద్రాచలం దగ్గర సారపాకలో 1979 నుంచి అట్ట మిల్లు నడుస్తోంది. రైతులు పెంచిన జామాయిల్, సుబాబుల్ కర్ర లారీల్లో అక్కడికి వెళ్తుంది. కొత్త గుజ్జుకి చెట్టు కావాలి. పాత అట్ట మళ్లీ గుజ్జైతే ఆ మేరకు కర్ర మిగులుతుంది. దాన్ని గల్లీ గల్లీ తిరిగి పోగుచేసేది పాత సామాన్లు కొనే అన్నలు, చెత్త ఏరుకునే అక్కలు. వాళ్లకి డబ్బు కిలో లెక్కన. మనం దాన్ని సాంబారు మిగిలిన చెత్తలో పడేస్తే పాడవుతుంది. నూనె పట్టిన అట్ట గుజ్జుకి సరిగా పనికిరాదు. మన చెయ్యి జారితే పోయేది వాళ్ల కూలి.

కాబట్టి ఈసారి డబ్బా వస్తే టేపు పీకండి. మీ పేరు, ఫోన్ నంబర్ ఉన్న స్టిక్కర్ చింపేయండి. డబ్బాని సాపుగా మడిచి, తడి తగలకుండా విడిగా పెట్టండి. రెండు నిమిషాల పని అంతే.

మీ గల్లీలో అట్టని ఇంకా దేనికి వాడుతున్నారో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం!