ధర పెరిగితే కూలీ, ధర పడితే రైతు: గోదావరి డెల్టాలో మాంద్యం, అసమానత, నేరం

ఆర్థిక మాంద్యం వస్తే నేరాలు పెరుగుతాయని చాలామంది నమ్ముతారు. గోదావరి డెల్టాలోని రామచంద్రపురం చుట్టుపక్కల వరి పండించే ప్రాంతపు చరిత్రను ముందు పెట్టుకుని చూస్తే ఆ మాట సగమే నిలబడుతుంది. బియ్యం ధర ఆకాశానికంటిన కాలమూ, ధాన్యం ధర కుప్పకూలిన కాలమూ రెండూ కష్టకాలాలే. అయితే మొదటిదానిలో నలిగేది కొనుక్కుతినేవాడు, రెండోదానిలో నలిగేది అమ్ముకుని బతికేవాడు. కష్టం నేరంగా బయటపడుతుందా, పోలీసు లెక్కకు ఎక్కుతుందా అన్నది ఆ తేడాను బట్టే ఉంటుందని ఈ వ్యాసం వాదన.

1918 సంగతి చూద్దాం. మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ఓడలు కరువై బర్మా బియ్యం రాక తగ్గింది. ఆ ఏడు వానలూ మొహం చాటేశాయి. మద్రాసు రాష్ట్రమంతటా వందకు పైగా చోట్ల జనం అంగళ్ల మీద పడ్డారు. ఈ లూటీలను పరిశీలించిన చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ ఒక కీలకమైన విషయం గుర్తించారు: చాలాచోట్ల జనం ముందు న్యాయమైన ధరకు అమ్మమని అడిగారు, వర్తకుడు కాదన్నాకే గిడ్డంగి తలుపులు బద్దలుకొట్టారు. అదే రాష్ట్రంలో దోపిడీల మీద ఆయన చేసిన మరో అధ్యయనమూ తిండిగింజల కరువుకు, దోపిడీలకు ఉన్న ముడిని చూపింది. ఇక్కడ ఆకలికి, నేరానికి మధ్య దారి సూటిగానే ఉంది.

1929లో ప్రపంచ మాంద్యం మొదలయ్యాక కథ తిరగబడింది. మూడు నాలుగేళ్లలో ధాన్యం ధర దాదాపు సగానికి పడిపోయింది. కోతలకు, నూర్పులకు గింజల రూపంలో కూలి తీసుకునేవాళ్లకు కనీసం ఆ గింజలైనా దక్కాయి. శిస్తు, వడ్డీ రూపాయల్లో కట్టాల్సిన రైతు మాత్రం నిలువునా మునిగాడు. మద్రాసు రాష్ట్ర గ్రామీణ రుణాన్ని 1930లో బ్యాంకింగ్ విచారణ సంఘం 150 కోట్ల రూపాయలుగా అంచనా వేస్తే, 1935లో సత్యనాథన్ నివేదిక దాన్ని 200 కోట్లన్నది. పంట విలువ సగమైన కాలంలోనే అప్పు మూడోవంతు పెరిగిందన్నమాట! బాకీ దావా, డిక్రీ, జప్తు, వేలం: భూమి చేతులు మారింది ఈ మెట్ల మీదుగానే. ఇవన్నీ చట్టబద్ధం. ఏ నేర గణాంకంలోనూ ఇవి కనిపించవు. 1938లో రాజాజీ ప్రభుత్వం వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చి, 1932 అక్టోబరుకు ముందు చేసిన అప్పుల మీద బకాయిపడ్డ వడ్డీని రద్దు చేసేదాకా రైతు గోడు వినిపించింది సివిల్ కోర్టు కాగితాల్లోనే.

మాంద్యం నెత్తురు చిందించిన చోటు సముద్రానికి అవతల ఉంది. గోదావరి, విశాఖ, గంజాం జిల్లాల నుంచి వలసపోయిన తెలుగు కూలీలను రంగూనులో కోరంగీలనేవారు. 1930 మేలో వాళ్లు కూలి పెంచమని రేవులో సమ్మె కట్టారు. యజమానులు బర్మా కూలీలను పనిలోకి దింపి, సమ్మె పరిష్కారమయ్యాక వాళ్లను వెళ్లిపొమ్మన్నారు. మే 26న మొదలైన దాడుల్లో వందమందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లు. ఒకే పూట కూటి కోసం ఇద్దరు పేదలను ఎదురెదురుగా నిలబెట్టిన అసమానతను వదిలేసి, దీన్ని జాతివైరమని మాత్రమే రాయడం ఆ చనిపోయినవాళ్లకు అన్యాయమని నా అభిప్రాయం.

అసమానత ఎక్కువగా ఉన్న దేశాల్లో హత్యలు, దోపిడీలు ఎక్కువని ఫైన్‌జిల్బర్, లెడర్‌మన్, లొయాజా 2002లో చూపారు. కానీ అసమానత కింది నుంచే నేరం పుట్టిస్తుందనుకోకూడదు. రామచంద్రపురం మండలం వెంకటాయపాలెంలో 1996 డిసెంబరు 29న దళిత యువకులను కొట్టి, ఇద్దరికి శిరోముండనం చేశారు. దానికి కారణం ఏ మాంద్యమూ కాదు. విశాఖపట్నంలోని ప్రత్యేక కోర్టు ఆ కేసులో 18 నెలల జైలు శిక్ష వేసింది 2024 ఏప్రిల్‌లో. తీర్పుకే 27 ఏళ్లు దాటిన చోట, పైన ఉన్నవాడి నేరం లెక్కల్లోకి రావడం ఎంత కష్టమో వేరే చెప్పాలా?

లెక్కలను పైపైన చదివితే 2020 కూడా తప్పుదారి పట్టిస్తుంది. లాక్‌డౌన్ ఏడాదిలో దేశంలో నమోదైన కేసులు 51 లక్షల నుంచి 66 లక్షలకు పెరిగాయని జాతీయ నేర నమోదు సంస్థ ప్రకటించింది. ఆ పెరుగుదలలో పెద్ద వాటా ప్రభుత్వ ఉత్తర్వుల ఉల్లంఘన కేసులదే. దొంగతనాలు నిజానికి తగ్గాయి.

ఇవాళ డెల్టాలో కౌలు బస్తాల్లో కొలుస్తారు. పంట పోయినా, ధర లేకపోయినా భూయజమాని వాటా అతనికి ముట్టాల్సిందే. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం సాగు హక్కు పత్రానికి యజమాని సంతకం తప్పనిసరి చేసింది. అది లేక బ్యాంకు గడప ఎక్కలేని కౌలురైతుకు ప్రైవేటు వడ్డీయే గతి. అందుచేత ఈ ప్రాంతంలో నేరాన్ని, మాంద్యాన్ని కలిపి అధ్యయనం చేసేవారు పోలీసు స్టేషను ఎఫ్‌ఐఆర్‌లతో సరిపెట్టుకోవద్దు. రామచంద్రపురం సివిల్ కోర్టులోని బాకీ దావాలను, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఏళ్ల తరబడి నలుగుతున్న కేసులను వాటి పక్కన పెట్టి, ఏడాది వారీగా ధాన్యం ధరతో కలిపి చదవాలి.