గూడుబండియు కందిరీగయు

అనంతపురపు మెట్టభూములలో కలిగిన రైతుల లోగిళ్లయందు పూర్వము బండ్లు రెండు విధములుగా నుండెడివి. ఎరువు తోలుటకు, చొప్ప తెచ్చుటకు, సంతకు గింజలు చేరవేయుటకు ఏడాది పొడవునను కదలుచుండునది సేద్యపుబండి. వెదురుదబ్బలను కమానులుగా వంచి, వానిపై ఈతచాప కప్పి, లోపల గడ్డి పఱచి, గడ్డిమీద జంపఖానా వేసి, ఆడువారిని పిల్లలను వృద్ధులను కూర్చుండబెట్టుకొని తిరునాళ్లకును పెండ్లిండ్లకును పోవునది గూడుబండి. మొదటిది పనికొఱకు, రెండవది మర్యాదకొఱకు. మర్యాదకు పని తక్కువ గనుక గూడుబండి ఏటిలో అధికభాగము నొగ నేలకానించి పెరటిచెట్టు నీడను నిలిచియుండెడిది. అట్లు నిలిచినదానిని ఇంటివారు మఱచినను కందిరీగలు మఱవలేదు. కావున ప్రయాణము నిశ్చయమైన పిమ్మట బండిని సిద్ధపఱచుట యనగా, ఇరుసునకు కందెన పూయుటకంటెను, సడలిన పట్టాలు బిగించుటకంటెను ముందుగా, అందు కాపురమున్న యీ ప్రాణులతో వ్యవహారము తీర్చుకొనుటయే. చిన్నదిగా కనబడు ఈ యాచారమును పరిశీలించినచో కరవుసీమ ప్రయాణచరిత్ర కొంత దానియందే నిలిచియున్నట్లు తోచును.

బండి అంతకాలము కదలక నిలుచుటకు కారణము ఆకాశమున నున్నది. నైరృతి ఋతుపవనము తన నీటిని పడమటి కనుమలకు ఒప్పగించి వట్టిగాలియై ఇటు వచ్చును. ఈశాన్య ఋతుపవనము తూర్పుతీరమును తడిపి ఇంతదూరము చేరుసరికి సన్నగిలును. సాలుకు సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే నమ్ముకొన్న యీ పీఠభూమిలో కొఱ్ఱయైనను, సజ్జయైనను, జొన్నయైనను, తరువాతి కాలమున వచ్చిన వేరుశనగయైనను, వాననే నమ్మిన చేనికి సాధారణముగ ఏటికి ఒక్క కారే. పంట ఇల్లు చేరి, చేతిలో నాలుగు రూకలు ఆడి, ఎడ్లకు తీరిక కలిగినపుడు గాని గూడుబండి వాకిలి దాటదు. ఫాల్గుణమున కదిరి నరసింహస్వామి రథోత్సవము, మాఘబహుళమున శివరాత్రికి లేపాక్షి, వైశాఖమున ఉరవకొండ దాపున పెన్న యొడ్డునున్న పెన్నహోబిలపు తిరునాళ్లు, హిందువులును ముస్లిములును కలిసి సేవించు గూగూడు కుళ్లాయిస్వామి మొహర్రము—ఇవియే దాని పయనములు. వాన తప్పిన యేట ఇవియును తప్పెడివి. 1876–78 నాటి మహాక్షామమువంటి కాలములందు మేతలేక పశువులు పడిపోగా, బండి యున్నను లాగు ఎద్దు లేదు. కందిరీగ ఆ గూటిలో ఎంతకాలము నిరాటంకముగ కాపురము చేయవలెనో నిర్ణయించినవాడు ఇంటి యజమానుడు కాడు, మేఘుడు.

గూటిలో చేరు కందిరీగలు ఒక జాతివి కావు. ఎండినకఱ్ఱను దవడలతో గీచి, లాలాజలముతో నానబెట్టి, ఆ ముద్దను పలుచని కాగితముగా సాగదీసి, కమాను క్రింద తలక్రిందులుగా గదుల వరుస నిర్మించునది ఒకటి. పొట్టపై పసుపుపట్టీ గల పెద్దది మఱియొకటి. ఇది బోలుచోటులయందు గుంపుగా చేరును, అదను దొరికినపుడు చిన్నదాని గూళ్లను కొల్లగొట్టి అందలి పిల్లపురుగులను తన సంతతికి మేతగా కొనిపోవును. మూడవది మట్టితో గూడుకట్టు ఒంటరి కందిరీగ. గుంపు లేదు, రాణి లేదు, ఇల్లు కట్టిన తల్లి ఒక్కతెయే, గూటికై మనిషిపైబడుట దాని స్వభావము కాదు. శీతలదేశములందు గుంపుకందిరీగల కాపురము చలికాలముతో ముగిసి, గర్భముదాల్చిన క్రొత్తరాణులు మాత్రమే ఎచ్చటనో దాగి బ్రతుకును. కావున అచ్చటివారు వసంతమున తమ విహారశకటమును తెఱచినపుడు ఎదురగునది ఒంటరి రాణి. దక్కనులో అట్టి ఎడము లేదు. బెంగుళూరి భారతీయ విజ్ఞానసంస్థలో రాఘవేంద్ర గదగ్కరు మన దేశపు కాగితకందిరీగను దశాబ్దములపాటు పరిశీలించి, అది ఏ మాసమునందైనను క్రొత్తగూడు ఆరంభింపగలదనియు, దాని రాణి జగడాలమారి కాక మిక్కిలి సాధువనియు వెల్లడించెను. కావున ఈ సీమలో బండి ఏ మాసమున కదలినను గూటిని వెదకక తప్పదు.

కరవునేలకు సంబంధించిన విశేషము మట్టికందిరీగయందు మఱింత స్పష్టము. మట్టి ఎంతయున్నను తడి లేనిదే గోడ లేవదు. అందుచేత అది విజయనగర రాజులనాటి బుక్కరాయసముద్రమువంటి చెరువుల అంచులను, కపిలబావి కాలువగట్టును, పశువులు నీళ్లు త్రాగు తొట్టి చుట్టును, ఇంటిలో నీళ్లకడవ క్రింది తడినేలను ఆశ్రయించును. మనుష్యుడు నీటికొఱకు ఎచ్చటికి పోవునో అదియు అచ్చటికే పోవును. మనుష్యుడు నీడకొఱకు దేనిని కప్పుకొనునో అదియు దానినే కోరును. నీరును నీడయును అరుదైనచోట ఈ యిరుగుపొరుగుతనము తప్పనిది.

ఇక బండిని సిద్ధపఱచు తీరు. పయనమునకు రెండుమూడు దినములు ముందు ఇంటిపెద్ద పట్టపగలు బండికి ఎడముగా నిలిచి, కందిరీగలు ఏ సందున దూరుచున్నవో, ఏ సందున వెలువడుచున్నవో చూచుకొనును. పిల్లవాడు ఉత్సాహముతో చాప యెత్తబోయినచో, “ఒరే అబ్బీ, సూడకుండా చెయ్యి పెట్టాకు, కందిరీగలు ఉండాయి” అని గదమాయించును. పని జరుగునది ప్రొద్దుగ్రుంకిన తరువాత, పోయినవన్నియు గూడు చేరి చీకటిలో ఎగురలేక ముడుచుకొన్నపుడు. పగిలినకుండ అడుగుభాగమున పిడకల నిప్పు వేసి, దానిపై పచ్చివేపాకు కప్పి, గూటిక్రింద నుంచి, ముందువెనుకల గోనెపట్టాలు దించి పొగ పట్టింతురు. పొగ నిండిన పిదప పొడవైన కఱ్ఱకు కట్టిన కొడవలితో గూటికాడను కోసి, పడినదానిని నిప్పులోనికి నెట్టి, అది వ్రేలాడినచోట వేపనూనె రాతురు. పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున కిరసనాయిలు దేశమునకు వచ్చిన పిదప ఆ నూనెలో ముంచిన గుడ్డ వేపాకు పనికి సాయమాయెను. మఱునాటి ఉదయమున మట్టిగూళ్ల వంతు: కాడికి పలుపు దూరు రంధ్రమునుండియు, బోలువెదురు కొనలనుండియు మేకుతో పెల్లగింపగా మట్టిపెళ్లతోపాటు ఆకుపచ్చని గొంగళిపురుగులు నాలుగైదు, చావక, కదలక, మెత్తగా అరచేతిలో పడును. ఇంత జాగ్రత్తకు హేతువు మనుష్యుల నొప్పి మాత్రమే కాదు. తేనెటీగవలె కొండిని మనిషి చర్మమున విడిచిపోవునది కాదు కందిరీగ. ఒక్కటే పలుమార్లు కుట్టగలదు. ఐనను తాంబూలపుపెట్టెలోని సున్నము పూసికొని మనుష్యుడు ఓర్చుకొనును. త్రోవలో కుదుపునకు గూడు చెదరి ఎద్దును కుట్టినచో మాత్రము ఎద్దు ఓర్వదు, కాడితోనే పరుగుతీయును, మూసిన గూటిలోని ఆడువారికి, పసిబిడ్డలకు దిగు దారి ఉండదు.

ఈ వ్యవహారము రైతులోగిలికి మాత్రమే చెందినది కాదు. 1800లో నిజాము ఈ మండలములను కుంఫిణీవారికి దత్తము చేయగా, మొదటి ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు అనంతపురము కేంద్రముగా, పొలములను కొలిపించుచు, రైతుల మొఱలను వినుచు, అధికకాలము డేరాలలోనే గడపెను. అతని తరువాతి దొరలకును జమాబందీ యనగా డేరాల పయనమే: బండ్లమీద గుడ్డ, గుంజలు, మేకులు, కుర్చీలు, ముందు పోయి చింతతోపులో డేరా లేపు కళాసులు. ఋతువు ముగిసిన పిదప చుట్టి కొట్టులో పడవేసిన డేరాగుడ్డ మడతలును, వెదురుగుంజల బోలుకొనలును కందిరీగకు గూడుబండికంటె తక్కువ యిష్టమైనవి కావు. చెన్నపట్టణపు గవర్నరైన పిమ్మటను మన్రో తన పాతమండలములను చూడవచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో విడిదియందే కలరాచే మరణించెను. గుత్తిలో పూడ్చిన అతని కళేబరమును కొన్నేండ్లకు చెన్నపట్టణపు కోటలోని క్రైస్తవ దేవాలయమునకు తరలించిరి. సీమను పాలించినవాని చావును డేరాలపయనములోనే జరిగెనన్నచో ఆ నాటి ప్రయాణమునకు ఈ సీమ పాలనలో ఎంత స్థానముండెనో ఊహించుకొనవచ్చును.

మట్టిగూటినుండి పడిన ఆ పురుగులను చూచియే మన పూర్వులు ఒక న్యాయమును కల్పించిరి. కందిరీగ పురుగును తెచ్చి గూటిలో బంధించుననియు, ఆ పురుగు భయముచే దానినే నిరంతరము ధ్యానించి తుదకు కందిరీగ యగుననియు చెప్పు భ్రమరకీటన్యాయము వేదాంతులకు మిక్కిలి ప్రియమైనది. భాగవతమున అవధూత తన ఇరువదినలుగురు గురువులలో ఈ కందిరీగను గూడ లెక్కించెను. న్యాయము తప్పైనను అందలి చూపు తప్పు కాదు: పురుగు లోనికి పోవుటను వారు చూచిరి, కందిరీగ వెలువడుటను చూచిరి, నడుమ మూసియున్న మట్టిగోడ వెనుక జరిగినదానిని భక్తితో పూరించిరి. ఆ గోడను పగులగొట్టి చూచినవారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సు దేశపు కీటకశాస్త్రజ్ఞుడు ఫాబరు. 1879 నుండి వెలువడిన తన కీటకస్మృతి సంపుటములలో అతడు తెలిపిన దేమనగా, తల్లికందిరీగ గొంగళిని చంపక కుట్టి స్తంభింపజేయును. గ్రుడ్డును గూటికప్పునుండి సన్నని దారమున వ్రేలాడదీయును. క్రింద పురుగులు మెదలినను గ్రుడ్డు నలుగదు. పుట్టిన పిల్ల క్రమముగ వానిని తిని పెరుగును. ధ్యానించిన పురుగు ఆహారమైనది. వెలువడినది తల్లి బిడ్డయే.

గూడుబండి రోజులు ఇనుపదారితో తగ్గసాగెను. 1870ల ఆరంభమునకు చెన్నపట్టణమునుండి వచ్చు రైలుదారి గుత్తి మీదుగ రాయచూరు చేరెను. 1890లలో గుంతకల్లునుండి అనంతపురము, హిందూపురముల మీదుగ బెంగుళూరికి మార్గమేర్పడెను. తరువాత మోటారుబస్సు పల్లెల అంచులకు వచ్చెను. దూరప్రయాణము ప్రతిదినమును నడచు వాహనములకు మాఱినంతనే కందిరీగకు వానిలో చోటు లేకపోయెను. నడచుచున్నదానిలో అది కాపురముండదు. దానికి కావలసినది నిలుకడ.

ఈ లక్షణమే దానిని చరిత్రకారునికి సాక్షిగా చేయుచున్నది. ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతమున శిలలపై గీచిన ఒక కంగారు చిత్రము వయస్సును 2021లో పండితులు దానికి క్రిందను మీదను అంటియున్న మట్టికందిరీగ గూళ్ల కాలమును బట్టియే రమారమి 17,300 సంవత్సరములుగ నిర్ణయించిరి. దీనికి విషాదమైన రెండవ వైపు కలదు: 1996 ఫిబ్రవరి 6న డొమినికను రిపబ్లికులోని ప్యుయెర్టో ప్లాటానుండి లేచిన విమానము సముద్రమున గూలి అందలి 189 మందియును మరణింపగా, ఎగురక నిలిచియున్న దినములలో దాని వేగమును కొలుచు గొట్టమును మట్టికందిరీగ పూడ్చియుండునని విచారణకర్తలు అనుమానించిరి. ఆ దినములలో గొట్టమునకు మూత వేసియుండలేదు. పయనమునకు ముందు కాడిరంధ్రములో మేకు పెట్టి చూచిన అనంతపురపు రైతు ఆచరించినది అచ్చట లోపించిన జాగ్రత్తనే. నేడు వంటపొయ్యి, పడకలు గల కారవానులను అద్దెకు తీసికొనువారును గ్యాసుగొట్టములను, గాలిరంధ్రములను అట్లే చూచుకొనవలసియున్నది.

నేడు ఈ సీమలో కందిరీగకు నిలిచిన బండ్లు అరుదైనవి గాని నిలిచిన ఇండ్లు అరుదు కాలేదు. వానలు తప్పి, బోరుబావులు ఎండి, కదిరి ప్రాంతపు పల్లెలనుండి కుటుంబములు బెంగుళూరికి, కేరళకు కూలికి పోయి, ఉగాదికో జాతరకో తిరిగివచ్చినపుడు తాళపుచెవి తాళములో దూరదు. రంధ్రము మట్టితో పూడియుండును. కరవును అధికారులు వర్షపుకొలతతోను, పంట అంచనాతోను లెక్కింతురు. అది సరియైన లెక్కయే గాని, ఇల్లు ఎన్ని మాసములు మనిషిలేక నిలిచెనో ఆ లెక్క చెప్పదు. మరల తిరునాళ్లకు కదలుటకై నిలిచిన బండికిని, బ్రదుకుతెరువు లేక తాళము పడిన ఇంటికిని కందిరీగ భేదమెఱుగదు, రెంటియందును ఒకేవిధముగ కట్టును. ఆ భేదమును గుర్తించి, మొదటిదానిని ఆచారముగను రెండవదానిని అన్యాయముగను వ్రాయవలసినవారు మనుష్యులు.