చదవలేని డ్రైవు, చెరగని రాత: పాణ్యం ప్రాంత చరిత్రాధారాల రక్షణ

స్థానిక చరిత్రకు ఆధారమైన పత్రాలు రెండు విధాలుగా దూరమవుతాయి. పత్రమే శిథిలం కావడం మొదటిది. పత్రం నిలిచి ఉన్నా దానిని చదివే సాధనం లేకపోవడం రెండవది. కంప్యూటర్ డ్రైవుల విషయంలో ఈ రెండింటినీ వేరు చేసి చూడకపోవడం వల్లనే అధిక నష్టం కలుగుతున్నది.

పాణ్యం ఉన్న నంద్యాల ప్రాంతం 1839లో కర్నూలు నవాబుల నుండి ఈస్టిండియా కంపెనీ వశమైంది. 1858లో రూపుదిద్దుకున్న కర్నూలు జిల్లాలో భాగమైంది. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లాలో చేరింది. ఇన్ని పాలనలు మారిన ప్రాంతపు చరిత్ర రాయదలచినవారు పలు చోట్ల దొరికిన దస్త్రాల, శాసనాల ప్రతులను ఒకే డ్రైవులో కూర్చుకోవడం సహజం. ఆ డ్రైవును పాత కంప్యూటరుకు తగిలించినప్పుడు చిక్కు మొదలవుతుంది.

డ్రైవులోని సమాచారం ఎక్కడ ఏ భాగంలో ఉందో తెలిపే పద్ధతిని ఫైల్ సిస్టమ్ అంటారు. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను విండోస్ 98 స్వయంగా చదవలేదు. 2006లో వచ్చిన ఎక్స్‌ఫ్యాట్‌ను విండోస్ ఎక్స్‌పీ చదవాలంటే 2009లో విడుదలైన అదనపు భాగాన్ని చేర్చాలి. అది లేని ఎక్స్‌పీ, నిండుగా ఉన్న డ్రైవును ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతుంది. యంత్రానికి భాష తెలియకపోవడమే దీని అర్థం. డ్రైవు ఖాళీ అని కాదు. ఆ ప్రశ్నకు అంగీకరిస్తే అసలైన నష్టం అప్పుడే జరుగుతుంది.

కాబట్టి డ్రైవుపై ఏమీ రాయకుండా, దానిని చదవగల కొత్త కంప్యూటరులోనో, లినక్స్‌లోనో తెరిచి ఫైళ్లను వేరొక డ్రైవుకు ఎక్కించడం మొదటి పని. ఆ రెండవ డ్రైవు ఎఫ్‌ఏటీ32 పద్ధతిలో ఉంటే పాత కంప్యూటరు కూడా చదువుతుంది. అయితే 4 గిగాబైట్ల పరిమాణానికి చేరిన ఫైలు అందులో ఇమడదు. పొరపాటున త్వరిత ఫార్మాట్ జరిగినా హార్డ్ డిస్కులో చాలావరకు చెరిగేది విషయసూచికే. వెంటనే వాడకం ఆపి, డ్రైవు మొత్తానికి ప్రతి తీసి, ఆ ప్రతిపైనే పునరుద్ధరణకు ప్రయత్నించాలి.

ఫైలు చేతికి వచ్చినా తెలుగుకు మరొక అడ్డంకి ఉంది. యూనికోడ్‌లో 1991 నుండే తెలుగుకు స్థానమున్నా, అచ్చు పనిలో చాలాకాలం ఆంగ్లాక్షరాల సంకేతాలపై తెలుగు రూపాలను పరచిన ఫాంట్లే నడిచాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో వ్యాసమంతా అర్థరహితమైన ఆంగ్లాక్షరాలుగా కనిపిస్తుంది. ఫైలు చెడిపోయిందని దానిని పారవేయడం తగదు. ఫాంటు పేరు తెలిస్తే పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చవచ్చు.

ఈ వివేకం తెలుగువారికి కొత్తది కాదు. కాలిన్ మెకంజీ, కావలి సోదరులు మొదలైనవారు సేకరించిన కైఫీయతులు శిథిలమవుతుండగా సి.పి. బ్రౌన్ వాటికి మళ్లీ ప్రతులు రాయించాడు. ఆ ప్రతులు నిలిచినందువల్లనే తరువాతి పరిశోధకులు గ్రామచరిత్రలను చదవగలిగారు. నేటి డ్రైవుకూ అదే క్రమం వర్తిస్తుంది: ముందు ప్రతి, ఆపై పరిష్కారం. ప్రతితోపాటు అది ఏ పద్ధతిలో, ఏ ఫాంటులో ఉన్నదో కాగితంపై రాసి ఉంచితే, రాబోయే తరానికి డ్రైవుతోపాటు దానిని చదివే దారి కూడా దక్కుతుంది.