మన ఒంట్లోని తనిఖీ అధికారులు



సర్వీసులో ఉన్నన్నాళ్లూ గుర్తింపు కార్డు చూపించి ఆఫీసు గేటు దాటినవాళ్లం మనం. రిటైరయ్యాక కూడా ఏటా లైఫ్ సర్టిఫికెట్ తప్పదు. పి.పి.ఓ. నంబరు ఒక్కటే చాలదు, మనిషీ సరిపోలాలి. సరిగ్గా ఇటువంటి తనిఖీయే మన ఒంట్లో రాత్రింబవళ్లు జరుగుతున్నది. చేసేవి టి కణాలనే తెల్ల రక్తకణాలు. ఇవి శత్రువును ఎలా పోల్చుకుంటాయో తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఆ కథ తెలుసుకోదగినది.

రొమ్ము ఎముక వెనుక థైమస్ అనే చిన్న గ్రంథి ఉంది. దానికి పెద్దగా పని లేదనే చాలాకాలం అనుకున్నారు. 1961లో లండన్‌లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకపిల్లలకు ఆ గ్రంథిని తీసివేసి చూశారు. వాటికి రోగనిరోధక శక్తి సన్నగిల్లింది. పరాయి ఎలుక చర్మం అతికించినా అవి తిరస్కరించలేకపోయాయి. థైమస్‌లో తయారయ్యే కణాలు కనుకనే వీటికి టి కణాలని పేరు.

అంతకు ముందే, 1958లో, పారిస్‌లో జాన్ దోసే మనుషుల తెల్లకణాలపై ఒక గుర్తును కనుగొన్నారు. ఇటువంటి గుర్తులనే తరువాత హెచ్.ఎల్.ఎ. అన్నారు. ఇవి మనిషికీ మనిషికీ మారతాయి. అందుకే ఒకరి కిడ్నీ మరొకరికి సులువుగా ఇమడదు. అయితే కిడ్నీ మార్పిడిని అడ్డుకోవడానికి ప్రకృతి వీటిని సృష్టించి ఉండదు గదా! మరి వీటి అసలు పని ఏమిటి?

జవాబు ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో దొరికింది. 1973-74లో పశువైద్యుడైన పీటర్ డోహర్టీ, స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన రోల్ఫ్ జింకర్‌నాగెల్ ఎలుకలపై ప్రయోగాలు చేశారు. ఒక జాతి ఎలుక టి కణాలు వైరస్ సోకిన తమ జాతి కణాలను చంపాయి. అదే వైరస్ సోకిన వేరే జాతి కణాలను మాత్రం ముట్టలేదు. అంటే టి కణం వైరస్ ఒక్కదాన్నే చూడదు. సొంత గుర్తుతో కలిపి చూస్తుంది. ఈ పరిశోధనకే వారిద్దరికీ 1996లో నోబెల్ బహుమతి లభించింది.

1987లో అమెరికాలోని హార్వర్డ్ శాస్త్రజ్ఞులు ఆ గుర్తు రూపాన్నే చూపించారు. దాని పైభాగాన ఒక గాడి ఉంది. కణం లోపలి మాంసకృత్తుల తునకలు ఆ గాడిలో ఇమిడి పైకి వస్తాయి. హెచ్.ఎల్.ఎ. కార్డు అయితే, ఆ తునక దానిమీది ఫొటో అన్నమాట. పరాయి ఫొటో కనబడగానే టి కణం పట్టేస్తుంది.

కోతులలోనూ ఇదే పద్ధతి. ఎయిడ్స్ వైరస్‌కు దగ్గరి చుట్టమైన వైరస్ మీద అమెరికాలోని ఒరెగాన్‌లో లూయిస్ పికర్ బృందం రీసస్ కోతులకు ఒక కొత్త టీకా వేసింది. సుమారు సగం కోతులు ఆ వైరస్‌ను అణచివేశాయని 2013లో ప్రకటించారు. వాటి టి కణాలు మామూలు కార్డులు గాక, ‘ఇ’ రకం కార్డును కూడా చూస్తున్నాయని 2016లో తేలింది. ఈ ‘ఇ’ రకం మనుషులందరిలో దాదాపు ఒకే తీరు. కోతుల దానికీ పోలిక ఉంది. అందరికీ పనికివచ్చే టీకాపై అందువల్లనే ఆశ కలిగింది. కోతిలో నెగ్గినదంతా మనిషిలో నెగ్గుతుందని చెప్పలేము. అటువంటి టీకా మనకింకా అందలేదు.

ఇక మన సంగతి. వయసుతో థైమస్ కుంచించుకుపోతుంది. కొత్త టి కణాలు తగ్గుతాయి. చిన్ననాటి ఆటలమ్మ వైరస్ నరాలలో దాగి ఉండి, కాపలా సడలినప్పుడు అక్కిగా బయటపడుతుంది. దీనికి టీకా ఉంది. ఫ్లూకు, న్యుమోనియాకు కూడా ఉన్నాయి. డాక్టరుగారిని అడిగి వేయించుకోవడం మంచిది.

అలాగని అధైర్యపడనక్కరలేదు. మన చేతిమీది మశూచి టీకా మచ్చ చూసుకోండి. ఆ టీకా జ్ఞాపకం దశాబ్దాల తరువాత కూడా ఎందరి టి కణాలలోనో నిలిచి ఉన్నట్టు పరిశోధకులు కనుగొన్నారు. ఈ అధికారులు ముసలివారైనా, పాత ఫైళ్లు మాత్రం మరచిపోరు!