ముక్కుకు అడ్డం పెట్టుకున్న గుడ్డ



మొన్న ఎండుమిరపకాయలు వేయిస్తుంటే నేనొక్క నిమిషం ఏమరపాటుగా ఉన్నాను. మాడిపోయి, ఇల్లంతా ఘాటు కమ్మింది. పిల్లలు దగ్గుకుంటూ వీధిలోకి పరుగెత్తారు. నేను కొంగు తడిపి ముక్కుకు అడ్డం పెట్టుకుని పొయ్యి ఆర్పాను. ఆపదలో మన చేతికి ముందు దొరికేది గుడ్డే కదా! నూరేళ్ళ కిందట యుద్ధభూమిలో మన సిపాయిలు చేసింది కూడా సరిగ్గా ఇదే.

1915 ఏప్రిల్ 22న బెల్జియంలో ఈప్ర్ అనే ఊరి దగ్గర జర్మన్లు వేలకొద్దీ సిలిండర్ల మూతలు తిప్పి క్లోరిన్ వాయువును గాలివాటున వదిలారు. అక్కడికి నాలుగో రోజున, 26వ తేదీన, దాడికి వెళ్ళిన లాహోరు డివిజను సిపాయిల మీదికీ ఆ విషవాయువు వచ్చింది. వాళ్ళకు ముసుగులు లేవు. తలపాగా కొసలు, చేతిరుమాళ్ళు తడిపి ముక్కుకు, నోటికి అదుముకున్నారు. క్లోరిన్ నీళ్ళలో కరుగుతుంది గనుక తడిగుడ్డ కొంత ఆదుకుంది. నీళ్ళు దొరకనిచోట మూత్రంతో తడుపుకున్నారట. చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది గానీ, ప్రాణం ముందు సిగ్గేమిటి? ఆ రోజు జమేదారు మీర్ దస్త్ గాయపడిన అధికారులను ఎనిమిదిమందిని మోసుకు రావడంలో సాయపడి విక్టోరియా క్రాస్ పొందాడు.

ఆ వార్త ఇంగ్లాండు చేరగానే డెయిలీ మెయిల్ పత్రిక, ఆడవాళ్ళందరూ దూది మెత్తలు కుట్టి పంపాలని కోరింది. పాపం, ఆ తల్లులు పనులన్నీ మానుకుని లక్షల కొద్దీ కుట్టారు. కానీ ఆ మెత్త పొడిగా ఉంటే విషాన్ని ఆపదు, తడిపితే ఊపిరే ఆడదు! ప్రేమతో కుట్టినంత మాత్రాన సరిపోలేదు. తరువాత మెక్‌ఫర్సన్ అనే డాక్టరు ఫ్లానెల్ సంచిని మందునీళ్ళలో ముంచి, చూడటానికి కిటికీ పెట్టి, తలమీద తొడుక్కుని అంచులు చొక్కా కాలరులోకి దోపుకునే పద్ధతి కనిపెట్టాడు. అది ఎండిపోకుండా గ్లిజరిన్ కలిపేవారు.

ముక్కు సంగతి అలా కొంత తీరింది. 1917 జూలైలో మస్టర్డ్ గ్యాస్ వచ్చింది. ఇది నూనెలాంటి ద్రవం. బట్టలోంచి, తోలులోంచి కూడా దిగిపోతుంది. తగిలినప్పుడు నొప్పే తెలియదు. గంటల తరువాత బొబ్బలు లేస్తాయి. చంకలు, గజ్జలు, చెమట పట్టే చోట్లే ఎక్కువ. పట్టుబట్ట ఆపుతుందా అని మా ధర్మవరంలో మగ్గం నేసే ఆయన ఒకరు అడిగారు. పట్టూ ఆపదు, నూలూ ఆపదు. నూనె పట్టించిన బట్ట కొంతసేపు ఆపుతుంది గానీ, దాన్ని తొడుక్కుంటే చెమట బయటికి పోక మనిషి లోపలే ఉడికిపోతాడు. మన ఎండల్లో ఊహించుకోండి!

విషం అంటిన నూలుబట్టలను సోడా కలిపి ఉడకబెట్టేవారు. మన దగ్గర పట్టునూలు బంక వదలడానికి సబ్బు, సోడా నీళ్ళలో ఉడికించినట్టే. ఉన్నిబట్టలు మాత్రం ఉడికిస్తే ముడుచుకుపోతాయి కనుక చాలా రోజులు ఆరుబయట గాలికి వేలాడదీయవలసి వచ్చేది.

ఇక నా మనసును కలచివేసిన సంగతి. 1930ల మొదట్లో మొదలుపెట్టి పదేళ్ళకు పైగా, ఇంగ్లాండులోని పోర్టన్ డౌన్ శాస్త్రవేత్తలు రావల్పిండిలో వందలాది భారతీయ సిపాయిలపై ఈ మస్టర్డ్ గ్యాస్‌ను పరీక్షించారు. కొందరిని నిక్కరు, నూలుచొక్కా, ముసుగు మాత్రం తొడిగి గ్యాసు గదుల్లోకి పంపారు. మన చర్మం మీద ఎక్కువ కాలుతుందా, తెల్లవాళ్ళ చర్మం మీదనా అన్నది కూడా వాళ్ళ ప్రశ్నల్లో ఒకటి. ఒళ్ళు కాలి ఆసుపత్రిలో పడ్డవాళ్ళున్నారు. ఇది 2007లో గార్డియన్ పత్రిక ద్వారా లోకానికి తెలిసింది. వాళ్ళ ఇళ్ళలో తల్లులకు, భార్యలకు ఆ మచ్చలు ఎలా వచ్చాయో ఎవరైనా చెప్పి ఉంటారా?

ఇప్పటి కవచపు దుస్తుల్లో పైపొర ద్రవాన్ని జారిపోనిస్తుంది, లోపలి బొగ్గు పొర ఆవిరిని పట్టేస్తుంది, చెమట ఆవిరి మాత్రం బయటికి పోతుంది. మనం పారేసే కొబ్బరిచిప్పల నుంచి కూడా ఇలాంటి బొగ్గు తయారవుతుంది. మన దేశంలో గ్వాలియరులోని రక్షణ పరిశోధనశాల ఇటువంటి దుస్తులు తయారుచేసింది. వాటిని వాడేదాకా మూసిన సంచీలోనే ఉంచాలి. చెమట, నూనె, పెట్రోలు ఆవిరి తగిలితే బొగ్గు సారం తగ్గిపోతుంది. మగవాళ్ళకు గడ్డం ఉంటే ముసుగు అంటుకోదు. తొడుక్కున్నాక ఇంకొకరు చుట్టూ తిరిగి సందులేమైనా ఉన్నాయా అని చూడాలి, పెళ్ళికూతురి చీర కుచ్చెళ్ళు సరిచూసినట్టు.

తొడగడం కంటే విప్పడమే కష్టం. పైభాగం ఒంటికి తగలకుండా, లోపలిభాగం బయటికి వచ్చేలా ఒలవాలి. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్ళలో సారిన్ అనే విషం వదిలినప్పుడు, రోగుల బట్టలకు అంటి వచ్చిన ఆవిరికి ఆసుపత్రుల్లో డాక్టర్లు, నర్సులు కూడా అస్వస్థులయ్యారు. కళ్ళు మసకబారుతున్నా వాళ్ళు పని ఆపలేదు. ఒంటిమీద ఉన్నవి మామూలు బట్టలే.