జలియన్‌వాలా బాగ్ మృతుల జాబితా

1919 ఏప్రిల్ 13 సాయంత్రం అమృత్‌సర్‌లో పేలిన తూటాల లెక్క చరిత్రలో స్పష్టంగా నమోదైంది: 1,650. కాల్చినవారు 50 మంది సైనికులు, పట్టిన కాలం సుమారు పది నిమిషాలు. ఆజ్ఞ ఇచ్చిన జనరల్ డయ్యర్ కోసం లండన్ పత్రిక ‘మార్నింగ్ పోస్ట్’ 26,000 పౌండ్లకు పైగా విరాళాలు సేకరించింది. విద్యార్థులకు ఆ దురంతంతో పాటు గుర్తుండే పేరు నేటికీ ఆయనదే.

మృతుల పేర్ల సంగతి వేరు. ప్రభుత్వం కొన్ని నెలల పాటు లెక్కే చేపట్టలేదు. తమవారు ఆ సభలో ఉన్నారని చెప్పుకోవడానికి సైనిక శాసనం చవిచూసిన కుటుంబాలు భయపడ్డాయి. జాబితా రాయడం గుమాస్తా పనిగా కనిపించవచ్చు గాని, ఆ సంవత్సరం అమృత్‌సర్‌లో అది సాహసకార్యమే. స్థానిక సేవా సమితి కుటుంబాలను విచారించి సేకరించిన వివరాలే చివరకు అధికారిక సంఖ్యకు ఆధారమయ్యాయి: 379 మంది. వారిలో 41 మంది బాలురు, ఒకరు ఆరు వారాల పసికందు. హిందువులు, సిక్కులు, ముస్లిములు, వైశాఖికి పొరుగూళ్ల నుండి వచ్చిన రైతులు అందులో ఉన్నారు. కాంగ్రెస్ విచారణ సంఘం అంచనా మాత్రం వెయ్యి వరకు సాగింది.

ఆ సంఘానికి వాంగ్మూలమిచ్చిన రతన్ దేవి, కర్ఫ్యూ కారణంగా సహాయం దొరకక, కుక్కలు దరిచేరకుండా వెదురుకర్ర పట్టుకుని రాత్రంతా భర్త మృతదేహం చెంత కూర్చున్నది. సమీపంలో గాయపడి ఉన్న పన్నెండేళ్ల బాలుడొకడు తనను విడిచి వెళ్లవద్దని వేడుకున్నాడు, నీళ్లడిగాడు. అక్కడ నీళ్లు లేవు. ఆ బాలుని పేరు ఆమె వాంగ్మూలంలో లేదు.