గీత మీద పడని చుక్కలు

1985-86లో పదో తరగతి చదివినవాళ్లకు మన సైన్సు గది గుర్తుండే ఉంటుంది. ఓమ్ నియమం ప్రయోగానికి ఉన్నది ఒక్క సెట్టు. మా వంతు రాకుండానే బెల్లు కొట్టేశారు. నేనూ నా బెంచీ మిత్రుడూ రీడింగులు ఊహించి రాసేసి, గ్రాఫు గీసి మాస్టారికి చూపించాం. ఆయన కాగితాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని, "ఏరా, ఎనిమిది చుక్కలూ గీత మీదే పడ్డాయే! మన అమ్మీటరు ముల్లు ఇంత బుద్ధిగా ఎప్పట్నించి ఉంటోంది?" అన్నారు. అన్నాల వేళ దగ్గరుండి మళ్లీ చేయించారు. మూడు చుక్కలు పక్కకు పోయాయి. ఆ గ్రాఫుకే సంతకం పెట్టారు.

ఆ 1986లోనే జపాన్‌లో మిత్సుబిషి ఎలక్ట్రిక్ పరిశోధకులు పాలీథయోఫీన్ అనే ప్లాస్టిక్ జాతి పదార్థంతో ట్రాన్సిస్టరు చేసి చూపించారు. ట్రాన్సిస్టరు కుళాయి లాంటిది: గేటుకు వోల్టేజీ ఇస్తే కరెంటు పారుతుంది, తీస్తే ఆగుతుంది. ప్లాస్టిక్ కుళాయి పనిచేసింది గానీ ధార చాలా సన్నం. విద్యుదావేశం ఎంత చురుగ్గా కదులుతుందో చెప్పే కొలతను మొబిలిటీ అంటాం. సిలికాన్ స్ఫటికంలో ఎలక్ట్రాన్లకు అది సుమారు 1400. ఈ ప్లాస్టిక్‌లో 0.00001 ప్రాంతం.

ఎందుకంత తేడా? సిలికాన్‌లో అణువులు గట్టి బంధాలతో వరసగా ఉంటాయి, ఆవేశానికి అది తారురోడ్డు. సేంద్రియ పదార్థాల్లో అణుసమూహాలు ఒకదాని పక్కన ఒకటి వదులుగా ఆనుకుని ఉంటాయంతే. వాగులో రాయి మీంచి రాయి మీదికి గెంతినట్టు ఆవేశం గెంతుతూ పోవాలి. అందుకే ఇలాంటి పదార్థాల్లో కాస్త వేడి తగిలితే నడక మెరుగవుతుంది, సిలికాన్‌లో మందగిస్తుంది. మరి ఇంత నిదానమైన దాని వెంట ఎందుకు పడ్డామంటే, తయారీ కోసం. సిలికాన్‌ను కరిగించాలంటే 1414 డిగ్రీలు కావాలి. వీటిలో చాలావాటిని ద్రావకంలో కలిపి, సిరాలాగా ప్లాస్టిక్ కాగితం మీద అచ్చు వేయొచ్చు. 1990ల చివరికల్లా పెంటసీన్ అనే పదార్థపు పొరల్లో మొబిలిటీ 1 దాకా వచ్చింది. ఎల్‌సీడీ తెరల్లో వాడే స్ఫటికం కాని సిలికాన్‌కు సరిసమానం.

అప్పుడే అమెరికాలోని బెల్ ల్యాబ్స్ నుంచి యాన్ హెండ్రిక్ షోన్ పేపర్లు వరసగా వచ్చాయి. 1947లో తొలి ట్రాన్సిస్టరు పుట్టిన చోటు కదా, ఎవరు అనుమానిస్తారు? సేంద్రియ స్ఫటికాల్లో అద్భుతాలన్నీ జరిగిపోతున్నాయని అందులో ఉంది. అప్పట్లో నేను పనిచేసే చోట మేం నలుగురం ఆరు నెలలు పెంటసీన్ స్ఫటికాలతో కుస్తీ పట్టాం. ఒక్క ఫలితమూ రాలేదు. లోపం మా చేతుల్లోనే ఉందనుకున్నాం. మాలో ఒకాయన ఆ బెంగతోనే ఈ రంగం వదిలేశాడు.

2002లో లిడియా సోన్, పాల్ మెక్‌యూన్ అనే శాస్త్రవేత్తలు వేర్వేరు పేపర్లలోని గ్రాఫులు పక్కపక్కన పెట్టి చూశారు. వేర్వేరు ప్రయోగాలని చెప్పిన గీతల్లో చిన్నచిన్న వణుకులు కూడా అచ్చుగుద్దినట్టు ఒకటే. వణుకు అలా కలవడం అసాధ్యం. మాల్కం బీస్లీ అధ్యక్షతన వేసిన కమిటీ 24 ఆరోపణలు పరిశీలించి, 16 చోట్ల డేటాను మార్చడమో కల్పించడమో జరిగిందని తేల్చింది. సరైన ల్యాబ్ నోటుపుస్తకాలు లేవు, అసలు డేటా చాలావరకు చెరిపేశాడు. సహరచయితలు మోసంలో భాగస్వాములు కారని కమిటీ చెప్పింది. నన్నడిగితే వాళ్లలో ఒక్కరైనా ఆ గ్రాఫులను వెలుతురులో పట్టి చూసి ఉండాల్సింది.

సేంద్రియ స్ఫటికాల పని అంతటితో ఆగలేదు. 2004 నాటికి రూబ్రీన్ స్ఫటికాల్లో మొబిలిటీ నిజంగానే 10 దాటింది, వేరే ల్యాబుల్లోనూ వచ్చింది. ఇవాళ మన ఫోన్లలోని ఓఎల్ఈడీ తెరల్లో వెలుగునిచ్చేది సేంద్రియ పదార్థమే. దాన్ని వెలిగించి ఆర్పే ట్రాన్సిస్టర్లు మాత్రం, ఎక్కువ ఫోన్లలో, ఇంకా సిలికాన్‌వే.

ఆ నా రంగం వదిలేసిన మిత్రుడికి కమిటీ నివేదిక వచ్చిన రాత్రే ఫోన్ చేశాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మన రీడింగుల పుస్తకం ఇంకా ఉందా?" అని అడిగాడు. ఉందన్నాను.